1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టెకి ముందు ఏముంది? రోల్‌ప్లేయింగ్ ఆటల పుట్టుకని ఆడించి చూపించాలంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

పాలకొల్లు_పెన్సిలు

నమస్తే అండి. పాలకొల్లులో ఒక గ్రంథాలయం హాలులో రెండున్నర గంటల కార్యక్రమం అనుకుంటున్నాం. వచ్చేది పది, పన్నెండు మంది. ఎక్కువ మంది డిగ్రీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు మాస్టార్లు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాటలతో, పాచికలతో ఆడేవి, ఎలా పుట్టాయో ఉపన్యాసంలా కాకుండా ఆడించి చూపించాలని ఉంది. నాలుగు సందేహాలు.

ఇవన్నీ చదరంగం నుంచే వచ్చాయి, అంటే మూలం మనదే అంటారు. ఎంతవరకు నిజం? వాటిలో మొదట అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ గ్యారీ గైగాక్స్ ఒక్కడి బుర్రలోంచి వచ్చిందా, దాని రెండో రచయిత డేవ్ ఆర్నెసన్ వాటా ఎంత? ఆ ఆట 1974 నాటి మూడు పుస్తకాలు చదివాను, కొట్లాట ఎలా నడపాలో తెలియలేదు. ఎక్కడ చూసినా చైన్‌మెయిల్ అనే ఇంకో పుస్తకం చూడమంటుంది. అది లేకుండా కుదురుతుందా? ఆఖరిది, 20 ముఖాల పాచికలు ఇక్కడ షాపుల్లో లేవు, లూడో పాచికలే ఉన్నాయి. ఏం చెయ్యాలి?

లాకుగట్టు

చదరంగం సంగతి ముందు తేల్చేద్దామండి. వంశవృక్షం గీస్తే అది అందులో ఉంటుంది, కానీ చాలా పైకొమ్మ మీద. మన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో హెల్విగ్ అనే గణితం మాస్టారు ఆ బల్లని బాగా పెద్దది చేసి, గళ్ళకి రంగులేసి, ఇది కొండ, ఇది చిత్తడి, ఇది ఊరు అని యుద్ధవిద్య నేర్పే ఆటగా మార్చాడు. చదరంగం వాటా అక్కడితో సరి. మనకి కావలసిన మలుపు గళ్ళు వదిలేశాక వచ్చింది.

ప్రష్యాలో రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులున్నారు. తండ్రి 1812లో రాజుకి ఒక యుద్ధపు ఆట చూపించాడు. ఫిరంగిదళంలో లెఫ్టినెంట్‌గా ఉన్న కొడుకు దాన్ని మెరుగుపరిచి 1824లో క్రీగ్‌ష్పీల్ పేరుతో నిబంధనలు అచ్చేశాడు. 1:8000 స్కేలు మ్యాపు, ఎర్ర దిమ్మలు, నీలం దిమ్మలు, ఒక్కో వంతు 2 నిమిషాల యుద్ధం. ఆట మొత్తానికి ప్రాణం మధ్యవర్తి. ఒకరి బలగం ఇంకొకరికి కనపడదు. ఏం చెయ్యాలో చీటీ మీద రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. ఆ కబురు గుర్రం మీద చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసి, అన్ని వంతులు ఆపాక ఆయన దాన్ని అమలు చేస్తాడు. పాచిక వేసి, పట్టిక చూసి, నష్టం ఎంతో చెప్తాడు. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే అధికారి పట్టికలూ పాచికలూ పక్కన పెట్టేసి, అనుభవం ఉన్న మధ్యవర్తి మాటే తీర్పు అన్నాడు. 1880లో టోటెన్ అనే ఆయన అమెరికా సైన్యం కోసం స్ట్రాటెగోస్ అనే యుద్ధపు ఆట పుస్తకం రాశాడు. నిబంధనల్లో లేని పని చేస్తానని ఆటగాడు అన్నా సరే, అది కుదురుతుందో లేదో మధ్యవర్తి తేలుస్తాడు. ఈ ఒక్క వాక్యం మీదే తర్వాత కథంతా నిలబడింది.

ఆ పాత పుస్తకం మినెసోటా విశ్వవిద్యాలయం లైబ్రరీలో డేవిడ్ వెస్లీ చేతికి చిక్కింది. సెయింట్ పాల్, మినియాపొలిస్ జంటనగరాల్లో బొమ్మ సైనికులతో ఆడుకునే బృందం వాళ్ళది. 1969లో వెస్లీ బ్రౌన్‌స్టైన్ అనే ఊహా జర్మన్ పట్టణం తయారుచేశాడు. నెపోలియన్ కాలం, రెండు సైన్యాలు వస్తున్నాయి. మిగతా ఆటగాళ్ళకి దళాలు ఇవ్వలేదు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయం ఛాన్సలరు. ఎవరి స్వార్థం వాళ్ళది. సైన్యాలు ఇంకా ఊరు చేరకముందే అందరూ గదిలో మూలమూలల చేరి మంతనాలు మొదలెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగుతామన్నారు. దానికి నిబంధన లేదు, వెస్లీ అప్పటికప్పుడు ఏదో తేల్చాడు. ఆట చెడిపోయిందనుకున్నాడు ఆయన. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు.

తర్వాతి బ్రౌన్‌స్టైన్ ఒకటి లాటిన్ అమెరికా తిరుగుబాటు మీద. అందులో విప్లవ విద్యార్థి వేషం ఆర్నెసన్‌ది. దొంగ సీఐఏ గుర్తింపు కార్డు చూపించి ఆటంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. వెస్లీ సైన్యంలోకి వెళ్ళాక, 1971లో ఆర్నెసన్ బ్లాక్‌మూర్ మొదలెట్టాడు. మధ్యయుగపు కోట, దాని కింద సొరంగాలు. ఒక పూటతో అయిపోదు, వచ్చే వారం అదే మనిషిగా, అదే సొత్తుతో, అదే గాయాలతో మళ్ళీ వస్తావు. బతికితే బలపడతావు.

విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కలిసి రాసిన చైన్‌మెయిల్ కూడా 1971దే. బొమ్మ సైనికుల మధ్యయుగ యుద్ధాలకి నిబంధనలు. వెనక భాగంలో మంత్రగాళ్ళు, డ్రాగన్లు, నలుగురికి సమానమైన హీరో, ఎనిమిది మందికి సమానమైన సూపర్‌హీరో. ఆర్నెసన్ మొదట్లో దీన్నే వాడుకున్నాడు. 1972 చివర్లో ఆయన, డేవిడ్ మెగారీ లేక్ జెనీవా వెళ్ళి గైగాక్స్ బృందానికి బ్లాక్‌మూర్ ఆడి చూపించారు. గైగాక్స్ ఆర్నెసన్ దగ్గర నోట్సు తీసుకుని రాయడానికి కూర్చున్నాడు. తన ఇంట్లో గ్రేహాక్ అనే సొంత కోట ఆట నడిపి పరీక్షించాడు. పెద్ద కంపెనీలేవీ ముందుకు రాకపోతే 1973 అక్టోబరులో చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో టీఎస్‌ఆర్ అనే సొంత కంపెనీ పెట్టాడు. ఆ ఏడాది చివర్లో బ్రయన్ బ్లూమ్ డబ్బు పెట్టి భాగస్వామి అయ్యాడు. 1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1000 పెట్టెలు వచ్చాయి. కర్ర రంగు కాగితం అంటించిన అట్టపెట్టె, మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు. ఏడాది తిరక్కుండా అయిపోయాయి.

వాటాల లెక్క నా ఉద్దేశంలో ఇదీ: మనిషికో వేషం, హద్దుల్లేని ప్రయత్నం వెస్లీది. సాగే కథ, సొరంగం, మనిషి ఎదగడం ఆర్నెసన్‌ది. ఆర్నెసన్ పక్కన లేకుండా ముక్కూమొహం తెలియనివాళ్ళు చదివి ఆడుకునేలా రాసింది, మంత్రాల, రాక్షసుల జాబితాలు కూర్చింది, అచ్చేసి అమ్మింది గైగాక్స్. అట్ట మీద రెండు పేర్లూ ఉన్నాయి. 1979లో రాయల్టీల మీద ఆర్నెసన్ కోర్టుకెళ్ళాడు, 1981లో రాజీ అయింది.

మీ పిల్లలకి ఆ అట్ట చూపించండి. రోల్‌ప్లేయింగ్ అనే మాట దాని మీద లేదు. కాగితం, పెన్సిలు, బొమ్మలతో ఆడే మధ్యయుగ యుద్ధక్రీడల నిబంధనలు అనే ఉంటుంది. ఆట నడిపేవాళ్ళని ఇప్పుడు పిలిచే డంజన్ మాస్టర్ అన్న మాటా లేదు, రిఫరీయే. ఆ ఆటని వాళ్ళే ఇంకా యుద్ధపు ఆట అనుకుంటున్నారన్నమాట.

చింతగింజ

పాచికలు, కొట్లాట నేను చెప్తాను.

20 ముఖాల పాచిక దొరక్కపోవడం 1974లోనూ ఉన్న బాధే. టీఎస్‌ఆర్ వాటిని క్రియేటివ్ పబ్లికేషన్స్ అనే కాలిఫోర్నియా బడిసామాన్ల కంపెనీ నుంచి తెప్పించి అమ్మింది. వాటి మీద 1 నుంచి 20 ఉండేది కాదు, 0 నుంచి 9 వరకు రెండేసి సార్లు. సగం ముఖాల అంకెల మీద క్రేయాన్‌తో వేరే రంగు రుద్దితే ఆ రంగు పడినప్పుడు 10 కలిపేవాళ్ళు. ప్లాస్టిక్ మెత్తన, నాలుగు నెలలు ఆడితే అంచులు అరిగి గుండ్రంగా అయ్యేవి. 1979లో పాచికలు చాలక బేసిక్ సెట్ పెట్టెల్లో కత్తిరించుకునే నంబరు చీటీలు పెట్టి అమ్మారు. మీరూ అదే చెయ్యండి, చరిత్రకి అన్యాయం చేసినట్టేం కాదు.

చీటీల బదులు ఒకే సైజు చొక్కా గుండీలు 10 కొనండి. పర్మనెంట్ మార్కర్‌తో 1 నుంచి 10 వెయ్యండి, 6, 9 కింద గీత పెట్టండి. స్టీలు చెంబులో వేసి, ఒక గుండీ తియ్యడం, పక్కన ఒక లూడో పాచిక వెయ్యడం. పాచికలో 1, 2, 3 పడితే గుండీ మీదున్న అంకె అంతే. 4, 5, 6 పడితే దానికి 10 కలపాలి. 1 నుంచి 20 దాకా ఒక్కోటీ సరిగ్గా 5 శాతం. కాగితం చీటీలు వద్దు. మన తేమకి మడతలు ఒకదానికొకటి అంటుకుని రెండేసి వస్తాయి, దళసరి మడత వేలికి తెలిసిపోతుంది.

తీసిన గుండీ వెంటనే చెంబులో వెయ్యాలి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. బయట పెట్టేస్తే మిగిలినవాటి లెక్క మారిపోతుంది. చిన్న అంకెలన్నీ బయటికొచ్చాక ఎవడు తీసినా పెద్దదే వస్తుంది, కుర్రోళ్ళు అది రెండు వంతుల్లో కనిపెట్టేసి తమ వంతు కోసం కాచుక్కూర్చుంటారు. ఇంకో తప్పు, 20 ముఖాల బదులు మూడు లూడో పాచికల మొత్తం వాడటం. 17 లేదా ఆపైన రావడానికి 20 ముఖాల్లో అవకాశం 20 శాతం. మూడు పాచికల్లో 216కి 4, అంటే 2 శాతం కూడా లేదు. అలా ఆడితే కవచం ఉన్నవాణ్ణి ఎవరూ కొట్టలేరు.

ఇక కొట్లాట. చైన్‌మెయిల్ అక్కర్లేదండి. మొదటి పుస్తకంలోనే ప్రత్యామ్నాయ పద్ధతి అని ఒక పట్టిక ఉంది. తర్వాత వచ్చిన ఆటలన్నీ ఆ పట్టిక పిల్లలే. ఆర్మర్ క్లాస్ అంటే ఒంటి మీద రక్షణ ఎంతో చెప్పే అంకె. కవచం లేనివాడి ఆర్మర్ క్లాస్ 9, పూర్తి ఉక్కు కవచం, డాలు ఉన్నవాడిది 2. అంకె తగ్గేకొద్దీ కొట్టడం కష్టం. మొదటి మెట్టు యోధుడు 9ని కొట్టాలంటే 20 ముఖాల పాచికలో 10 లేదా ఆపైన రావాలి, 8కి 11, అలా ఒక్కోటి పెరుగుతూ 2కి 17.

గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఆర్మర్ క్లాస్ 6. కాబట్టి మీ యోధుడికి 13 రావాలి, 40 శాతం. యోధుడికి గొలుసు కవచం, డాలు ఉంటే ఆర్మర్ క్లాస్ 4, గాబ్లిన్‌కి 15 రావాలి, 30 శాతం. తగిలితే ఏ ఆయుధమైనా ఒకటే, ఒక లూడో పాచిక ఎంత చెప్తే అంత దెబ్బ. చాకైనా రెండుచేతుల కత్తైనా తేడా లేదు. ఆయుధానికో పాచిక 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చింది, దొంగ పాత్ర కూడా దానితోనే. యోధుడి ప్రాణం ఒక పాచిక ప్లస్ 1, మంత్రగాడిది ఒక పాచిక. అంటే ఒక్క దెబ్బకి పోవచ్చు. ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు నొచ్చుకుంటారు. ముందు ఎవరు కొట్టాలో ఆ మూడు పుస్తకాల్లో తిన్నగా లేదు. రెండు పక్షాలూ చెరో పాచిక వేసి, పెద్దది పడినవాళ్ళు ముందు అనుకోండి.

అసలు ఆరు ముఖాల పాచికలతోనే పూర్తి ఆట కావాలంటే, 1975లో అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రే చేసిన టన్నెల్స్ అండ్ ట్రోల్స్ ఉంది. వింత పాచికల గొడవ లేకుండా చేశాడు. మొదట అచ్చయింది 100 కాపీలే.

గౌతమి_పాయ

లాకుగట్టు గారు రాసినదానికి రెండు చేర్పులు.

హిట్ పాయింట్లు, అంటే చింతగింజ గారు చెప్పిన ఆ ప్రాణం లెక్క, ఎందుకొచ్చాయో పిల్లలకి చెప్పాలి. చైన్‌మెయిల్‌లో దెబ్బ తగిలితే బొమ్మ తీసెయ్యడమే. వందమంది సైన్యంలో ఒకడు పోతే ఎవరికీ బాధ లేదు. కానీ ఒక మనిషికి ఒకే బొమ్మ ఉన్నప్పుడు, వారం వారం దాన్నే ఆడుతున్నప్పుడు, ఒక్క పాచికతో పోతే ఊరుకోరు. అందుకని ఓడల యుద్ధం ఆటల్లో ఓడ మునగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెట్టే పద్ధతిని మనిషికి తెచ్చానని ఆర్నెసన్ తర్వాత చెప్పాడు. ఓడ లెక్క మనిషికి రావడం నాకు ఈ చరిత్ర మొత్తంలో చాలా ఇష్టమైన ముక్క.

మనవైపు సంబంధం కావాలంటే చదరంగం కన్నా దగ్గరిది ఎం.ఏ.ఆర్. బార్కర్. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా అధ్యయనాల ఆచార్యుడు. 1975లో టీఎస్‌ఆర్ ఆయన టెకుమెల్ లోకాన్ని ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్‌గా వేసింది. యూరప్ కోటలు కాకుండా భారతదేశం, మధ్య అమెరికా, ఈజిప్టు వాసనలున్న లోకం, దానికి సొంత భాష, లిపి. అయితే ఆయనే మారుపేరుతో నాజీ భావాల నవల రాశాడని 2022లో టెకుమెల్ ఫౌండేషనే బయటపెట్టింది. పేరు ఎత్తితే ఈ సంగతీ చెప్పి తీరాలి.

పాలకొల్లు_పెన్సిలు

చాలా సంతోషం అండి. రెండున్నర గంటల్లో బ్రౌన్‌స్టైన్ తరహా ఆడించాలా, సొరంగమా? పన్నెండు మందికి ఒకే సొరంగం నడపగలనా అని భయంగా ఉంది. పైగా నెపోలియన్, జర్మన్ మేయరు అంటే మావాళ్ళకి ఎక్కదేమో.

ధవళేశ్వరం_గేజీ

బ్రౌన్‌స్టైనే పెట్టండి, కానీ జర్మనీ వద్దు. ఒక ఊహా లంక గ్రామం, గోదావరి పెరుగుతోంది. సైన్యాల బదులు వరద. వెస్లీ పద్ధతి చెక్కుచెదరదు, వేషం మనది.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడే మీ గడియారం. 10.75 దగ్గర మొదలెట్టండి. ఒక్కో వంతు అంటే 3 గంటలు. ప్రతి వంతు చివర తెర వెనక ఒక లూడో పాచిక వేసి, పడిన ఒక్కో చుక్కకి పావు అడుగు పెంచండి. సగటున వంతుకి 0.875 అడుగు, అంటే 8 వంతుల్లో మూడో హెచ్చరిక. వంతుకి 12 నిమిషాలు ఇస్తే గంటా 36 నిమిషాలు. పరిచయానికి 20 నిమిషాలు తీసేసినా, ఆట అయ్యాక ఎవరు ఏం దాచారో చెప్పుకోవడానికి అరగంట మిగులుతుంది. ఆ అరగంట కొయ్యకండి, పుట్టుక సంగతి వాళ్ళకి అప్పుడే తలకెక్కుతుంది.

వేషాలు: సర్పంచి, వీఆర్వో, బడి హెడ్‌మాస్టారు, కొబ్బరి వ్యాపారి, పాడిరైతు, పడవ సరంగు, ఆశా కార్యకర్త, గుడి పూజారి, అవతలి గట్టు నుంచి వచ్చి ఇరుక్కుపోయిన పెళ్ళివారి పెద్ద. ఇంకా మనుషులుంటే ఒక్కో వేషానికి ఇంట్లోవాళ్ళని కలపండి. ఒక్కొక్కరికీ ఒక చీటీ, దాని మీద మూడే వాక్యాలు: నీ దగ్గర ఏముంది, నీకేం కావాలి, నీకొక్కడికే తెలిసిందేంటి. పాడిరైతుకి ఆరు గేదెలు, అవి లేకుండా కదలడు. కొబ్బరి వ్యాపారి దగ్గర దింపు పూర్తయిన సరుకు, అది పోతే అప్పు తీరదు. సరంగుకి మాత్రం తెలుసు, పడవ అడుగున ఒక చెక్క పుచ్చిపోయిందని. పడవ ఒక్కటే, వంతుకి ఒక్క ట్రిప్పు, పన్నెండు మంది పడతారు, ఒక గేదె నలుగురి చోటు. బడి డాబా మీద ఎంతమంది పడతారో హెడ్‌మాస్టారికే తెలుసు.

క్రీగ్‌ష్పీల్ నుంచి ఒకటి అరువు తెచ్చుకోండి, కబురు ఆలస్యం. ధవళేశ్వరం మట్టం మీకు తెలిసిన వంతులోనే వాళ్ళకి చెప్పకండి. ఒక వంతు ఆలస్యంగా, అదీ వీఆర్వోకి మాత్రమే చీటీ మీద ఇవ్వండి. అతను ఊరికి చెప్తాడో, ముందు తనవాళ్ళని ఎక్కిస్తాడో అతనిష్టం. ఊళ్ళో మిగతావాళ్ళకి కనపడేది రేవు మెట్లు. ఎన్ని మెట్లు మునిగాయో అందరికీ ఒకేసారి చెప్పండి.

చెడేది ఎక్కడంటే, అందరూ ఒకేసారి రిఫరీ మీద పడతారు. వెస్లీకీ అదే అయింది. ప్రతి వంతులో మొదటి 8 నిమిషాలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలి, మీరు ఎవరికీ జవాబివ్వకూడదు. 8వ నిమిషంలో గంట కొట్టండి. ఒక్కొక్కరూ ఒక్క పని చీటీ మీద రాసివ్వాలి. మిగతా 4 నిమిషాల్లో తేల్చి చెప్పండి. ఎవరైనా అరటిబోదెలతో తెప్ప కడతానంటే నిబంధన లేదని అనకండి. ఎన్ని బోదెలు, తాడెక్కడిది, ఎంతమంది చెయ్యేస్తారు అని మూడు ప్రశ్నలడగండి. జవాబులు బాగుంటే ఒక పాచికలో 2 కన్నా ఎక్కువ పడితే తేలుతుంది, లేకపోతే 5 కన్నా ఎక్కువ పడాలి. టోటెన్, వెస్లీ చేసిన పని అదే.

చింతగింజ

దీనికి నేనూ సరే. సొరంగం ఇంకో రోజుకి పెట్టుకోండి, ఆరుగురితో. పుస్తకంలో రిఫరీ ఒకరికి ఇరవైమంది అని ఉంది నిజమే, కానీ అది మొత్తం క్యాంపెయిన్‌లో, అంటే వారాల తరబడి సాగే ఆటలో, ఉండే జనం, ఒక పూట బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు కాదు.

ఆ రోజుకి కావలసినవి: అంగుళానికి 6 గళ్ళ గ్రాఫ్ కాగితం మేలని పుస్తకం అంటుంది. మన బడి గ్రాఫ్ పుస్తకాలు సెంటీమీటరు గళ్ళవి, వాటితోనూ ఇబ్బంది లేదు, ఒక గడి 10 అడుగులు. మీ మ్యాపు అట్ట వెనక దాచి, దూరాలు నోటితో చెప్పాలి. వాళ్ళలో ఒకరు వింటూ గియ్యాలి, ఇంకొకరు అందరి తరఫునా మాట్లాడాలి. 1974 పుస్తకంలోని నమూనా సంభాషణ సరిగ్గా అలాగే ఉంటుంది, ఒక రిఫరీ, ఒక కాలర్. ఈ కాలర్ పద్ధతి ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు, కానీ కొత్తవాళ్ళ గోల తగ్గడానికి ఇంతకన్నా మంచిది లేదు.

వంతు అంటే 10 నిమిషాలు. కవచం లేని మనిషి వంతుకి 120 అడుగుల చొప్పున రెండు నడకలు. గంటకి ఒక వంతు కదలకుండా ఆగాలి. ప్రతి వంతు చివర ఒక పాచిక, 6 పడితే ఏదో ఒకటి ఎదురొస్తుంది. వంతులు గీతలు కొట్టి లెక్కపెట్టకపోతే ఈ ఆట సగం చచ్చిపోతుంది, ఎందుకంటే ఆగి గోడలు తడుముకుంటూ కూర్చుంటే ఏ నష్టమూ ఉండదు. తెచ్చిన బంగారం నాణానికి ఒక అనుభవ పాయింటు, యోధుడికి రెండో మెట్టుకి 2000 కావాలి. కొట్లాట కన్నా దాటుకుని సొత్తుతో బయటపడటమే లాభం అని పిల్లలు తొందరగానే పట్టేస్తారు. పట్టేశాక అడ్డుపడకండి.

ఇంకోటి, గుండీలు రెండు సెట్లు చేసుకోండి. ఒక చెంబు మీ దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర. ఒకే చెంబు బల్ల చుట్టూ తిరిగితే ఒక కొట్లాటకి ఇరవై నిమిషాలు పడుతుంది.